వేరు చూశాక పేరు

మామిడి కొమ్మ మీద పచ్చగా ఏదో మొలిచిందంటే మన పల్లెల్లో ముందు వినిపించే మాట, "బదనిక పట్టింది." ఆ మాట పడ్డాక ఇక ఆలోచన ఉండదు, కత్తి పట్టుకుని చెట్టెక్కడమే మిగులుతుంది. నిజానికి ఆ కొమ్మ మీద ఉన్నది రెండు రకాల మొక్కల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, చెట్టు కండలోకి చొచ్చుకుపోయి దాని నీటినీ లవణాలనూ లాక్కునే అసలు బదనిక. పిట్టలు దాని పండు తిని, జిగురు గింజను మరో కొమ్మకు రాసి వెళితే అక్కడ మొలుస్తుంది. రెండోది వాండా, అంటే ఆర్కిడ్ కుటుంబపు మొక్క. దాని వేర్లు బెరడును కరుచుకుని ఉంటాయే తప్ప లోపలికి దిగవు. వాన నీరు, మంచు, గాలిలో తేమ, బెరడు మీద పేరుకున్న పిడికెడు చెత్తలోని సారం, వీటితోనే బతుకుతుంది. చెట్టు దానికి ఇచ్చేది నిలబడే చోటు మాత్రమే. రెండింటికీ ఒకటే పేరు పడడం వల్ల, చెట్టుకు ఏ హానీ చేయని మొక్క కూడా నేల రాలుతోంది.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. మొక్క కొమ్మను తాకే చోటు చూడండి. కొమ్మ అక్కడ ఉబ్బి, కణితిలా గట్టిపడి, మొక్క ఆ కొమ్మలోంచే పుట్టినట్టు కలిసిపోయి ఉంటే అది బదనిక. వెన్నెల రంగు లావుపాటి వేర్లు బెరడు పైపైన పాకుతూ, కొన్ని గాల్లోకి వేలాడుతూ, వాటి కొసలు పచ్చగా కనిపిస్తే అది వాండా. ఈ అధ్యాయంలో మీ చేత సాధన చేయించాలనుకుంటున్నది ఆ ఒక్క నిమిషాన్నే. మనుషుల విషయంలో, పనుల విషయంలో, ముఖ్యంగా మన గురించి మనం పెట్టుకున్న పేర్ల విషయంలో ఆ నిమిషం దొరక్కే చాలా నష్టం జరుగుతోంది. దానికి వాండాను మించిన పాఠ్యపుస్తకం నాకు కనిపించలేదు. రెండు వందల ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు దానికి పేరు పెడుతూ, మారుస్తూ, మళ్లీ చూస్తూ వచ్చారు. ఆ చరిత్రలో తెలివైనవాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఎలా సరిదిద్దుకున్నారో స్పష్టంగా కనబడుతుంది.

సామర్లకోట నుంచి కలకత్తా దాకా

స్వీడన్‌కు చెందిన లినేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు పెడుతూ పుస్తకం వేసినప్పుడు, ఆర్కిడ్లకు ఆయన కేటాయించినవి 8 ప్రజాతులే. ఉష్ణదేశాల్లో చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లు ఆయన చూసినవి కొద్ది. వాటిని దాదాపు అన్నిటినీ ఎపిడెండ్రమ్ అనే ఒకే పేరు కింద చేర్చాడు. చెట్టు మీద ఉంటుంది కాబట్టి ఎపిడెండ్రమ్. అప్పటికి అది చాలింది. పది మొక్కలు తెలిసినప్పుడు పదింటికీ సరిపోయే పేరు పెట్టడంలో తప్పు లేదు. వెయ్యి మొక్కలు తెలిశాక కూడా అదే పేరుతో నెట్టుకురావడమే తప్పు.

ఆ తరువాతి అడుగు మన గడ్డ మీదే పడింది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో చాలా ఏళ్లు ఉన్నాడు. చుట్టుపక్కల మొక్కలను సేకరించి, భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వివరాలు రాసుకున్నాడు. ఆ కృషే కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 చిత్రాలతో మూడు సంపుటాలుగా వచ్చిన పుస్తకం. మొదటి సంపుటం 1795లో మొదలైంది. అందులో మన తూర్పు కనుమల్లో కనిపించే ఒక ఆర్కిడ్ ఉంది. పసుపు కలిసిన లేతాకుపచ్చ రేకులు, వాటి మీద గోధుమ రంగు గళ్లు, నీలం ఊదా కలిసిన పెదవి, మంచి వాసన. గళ్లు చూసి రాక్స్‌బర్గ్ దానికి టెస్సెల్లేటమ్ అని పేరు పెట్టాడు. ముందు మాట మాత్రం లినేయస్ ఇచ్చిన ఎపిడెండ్రమే. మొక్కను అంత నిశితంగా చూసినవాడు కూడా పాత చట్రంలోనే దాన్ని ఉంచాడు. అతన్ని నేను తప్పుపట్టను. చూసింది చూసినట్టు రాసిపెట్టాడు కాబట్టే తర్వాతివాళ్లు దాన్ని సరైన చోటికి చేర్చగలిగారు.

అదే 1795లో, కలకత్తాలో న్యాయమూర్తిగా పనిచేసి అంతకుముందు ఏడాదే చనిపోయిన విలియం జోన్స్ రాసిన మొక్కల వ్యాసం అచ్చయింది. వాండా అనే సంస్కృత నామాన్ని ఆయన అందులో వాడాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దాన్ని లక్షణాలతో సహా ప్రజాతిగా స్థిరపరిచాడు. రాక్స్‌బర్గ్ చూసిన గళ్ల పువ్వు చివరికి వాండా టెస్సెల్లేటా అయింది. ఈ రోజు వాండా ప్రజాతి లక్షణాలు చెప్పడానికి నమూనా మొక్క అదే.

వర్గీకరణ అంటే మన ఇంటిపేరు, పేరు వరసలాంటిదే అనుకోండి. వాండా ఇంటిపేరు, అంటే ప్రజాతి; టెస్సెల్లేటా సొంత పేరు, అంటే జాతి. ఇంటిపేరు వెనక పెద్ద వంశం ఉంటుంది. వాండాలో 80 దాకా జాతులున్నాయి. శ్రీలంక, ఇండియా నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఫిలిప్పీన్స్, దక్షిణ జపాన్, ఉత్తర ఆస్ట్రేలియా దాకా వ్యాపించి ఉన్నాయి. వాండా చేరే ఉపతెగ ఏరిడినీ, తెగ వాండీ, ఉపకుటుంబం ఎపిడెండ్రాయిడీ, కుటుంబం ఆర్కిడేసీ. ఆ కుటుంబంలో 700 పైగా ప్రజాతులు, దాదాపు 28,000 జాతులు. ఇంకో మెట్టు పైకెక్కితే క్రమం ఆస్పరాగేలీస్. అందులో మన ఉల్లి, వెల్లుల్లి, కలబంద, పిల్లిపీచర కూడా ఉన్నాయి. వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్నప్పుడు చేతిలో ఉన్నది ఆర్కిడ్లకు దూరపు చుట్టమని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పైకి చూస్తే ఏ పోలికా లేదు. అయినా చుట్టరికం నిజం.

తెల్లపువ్వు తప్పుదారి పట్టించిన తీరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కథను కాస్త నింపాదిగా చదవండి, ఎందుకంటే అధ్యాయం మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

లినేయస్ శిష్యుడు కార్ల్ తున్‌బర్గ్ వైద్యుడిగా జపాన్ వెళ్లి అక్కడి మొక్కలు సేకరించాడు. వాటిలో ఒక చిన్న ఆర్కిడ్ ఉంది. కొడవలిలా వంగిన ఆకులు, తెల్లటి పూలు, పువ్వు వెనక పొడుగ్గా వంపు తిరిగిన తేనె గొట్టం. చీకటి పడ్డాక వాసన పెరుగుతుంది. జపాన్‌లో ప్రభువులూ సమురాయ్‌లూ దాన్ని అపురూపంగా పెంచుకునేవారు. తున్‌బర్గ్ 1784లో దాన్ని ఆర్కిస్ ఫాల్కేటా అన్నాడు. తర్వాత ఆర్కిడ్లను లోతుగా చదివిన ఆంగ్లేయుడు జాన్ లిండ్లీ దాన్ని ఆంగ్రీకమ్‌లో చేర్చాడు. ఆంగ్రీకమ్‌లు ఆఫ్రికాలోనూ మడగాస్కర్‌లోనూ ఉండే మొక్కలు. జపాన్ ఎక్కడ, మడగాస్కర్ ఎక్కడ! కానీ పువ్వు చూస్తే అచ్చం వాటిలాగే ఉంది. తెలుపు, పొడవాటి గొట్టం, రాత్రి పరిమళం. 1854లో యోసెఫ్ బేర్ దాన్ని వాండాలో పెట్టాడు. ఎక్కువమంది ఆ దారి పట్టలేదు. 1925లో చైనా వృక్షశాస్త్రవేత్త హు దానికోసం నియోఫినీషియా అనే కొత్త ప్రజాతినే ఏర్పాటు చేశాడు. ప్రపంచమంతటా పెంపకందారులకు అది ఆ పేరుతోనే పరిచయమైంది.

ఆ తర్వాత డి.ఎన్.ఎ. పోల్చి చూసే పద్ధతి వచ్చింది. నియోఫినీషియా, నారింజ రంగు చిన్న పూలు గుత్తులుగా పూసే ఆస్కోసెంట్రమ్, రెండూ వాండా జాతుల మధ్యలోనే పుట్టిన కొమ్మలని తేలింది. 2012లో లారెన్ గార్డినర్ వాటిని వాండాలోకి మార్చింది. బేర్ అంతకు 158 ఏళ్ల ముందు రాసిన వాండా ఫాల్కేటా మళ్లీ సరైన పేరైంది.

లిండ్లీ సామాన్యుడు కాదు. మరి ఎందుకు పొరబడ్డాడు? రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటలు వచ్చి తేనె తాగి పుప్పొడి మోసే పువ్వు ఎలా ఉండాలి? చీకట్లో కనబడాలంటే తెల్లగా ఉండాలి. దూరం నుంచి రప్పించాలంటే రాత్రి పరిమళించాలి. చిమ్మట పొడవాటి నాలుకకు తగ్గట్టు గొట్టం పొడుగ్గా ఉండాలి. మడగాస్కర్ మొక్కకూ జపాన్ మొక్కకూ వచ్చే అతిథి అలాంటిదే, అందుకే రెండూ ఒకే వేషం వేశాయి. ఆ వేషం వచ్చే అతిథి కోసం ఏర్పడింది. పుట్టుక గురించి అది చెప్పేది కొంచెమే. పుట్టుక గురించి తెలియాలంటే పెరిగే తీరు, వేరు, పుప్పొడి ముద్దలు, ఇంకా లోపల ఉన్నవి చూడాలి.

మనం మనుషులకు పేర్లు పెట్టేటప్పుడు సరిగ్గా లిండ్లీ చేసిన పనే చేస్తాం. ఆఫీసులో ఒకాయన మీటింగులో నోరు విప్పడు. "ఆయనకు సబ్జెక్టు రాదు" అని పేరు పడిపోతుంది. ఆ మౌనం ఎవరి ముందు ఏర్పడిందని ఎవరూ అడగరు. అరిచే పైఅధికారి ముందు ఏర్పడి ఉండొచ్చు. అతను రాసిన ఫైలు చూడండి. సందేహం వస్తే జూనియర్లు ఎవరి బల్ల దగ్గరికి వెళుతున్నారో చూడండి. పిల్లాడు బళ్లో పెంకి, అమ్మమ్మ ఇంట్లో బుద్ధిమంతుడు. ఈ రెంటిలో ఏది అసలని వాదించుకోవడం అనవసరం. రెండూ ఎదురుగా ఉన్న మనిషిని బట్టి వచ్చినవే. చోటు మారినా, మనిషి మారినా మారకుండా ఉండేదేదో వెతకండి. అది దొరికేదాకా పేరు పెట్టకుండా ఉండడం కష్టమే, కానీ సాధనతో వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఈ కథ విని అన్నిటినీ కలిపేయడమే తెలివనుకోకండి. అదే పరిశీలన కొన్నిటిని వాండాలోంచి బయటికి కూడా పంపింది. సింగపూర్ జాతీయ పుష్పం సంగతే తీసుకోండి. ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మేనియన్ వంశపు మహిళ తోటలో పూసిన సంకరజాతి అది. 1893లో హెన్రీ రిడ్లీ దాని గురించి రాసి వాండా మిస్ జోకిమ్ అన్నాడు. 1981లో సింగపూర్ దాన్ని జాతీయ పుష్పంగా ఎంచుకుంది. దాని తల్లిదండ్రులు రెండూ పుల్లల్లాంటి గుండ్రటి ఆకుల మొక్కలు. అవి ఇప్పుడు పాపిలియోనాంథి అనే వేరే ప్రజాతిలో ఉన్నాయి, కాబట్టి సంతానమూ అటే వెళ్లింది. సింగపూర్‌లో జనం మాత్రం ప్రేమగా పాత పేరే పిలుస్తారు. పిలుపు పాతదైనా లెక్క సరిగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

లెక్క సరిగా లేకపోతే చట్టంలోనే చిక్కు వస్తుంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించినప్పుడు రక్షణ కల్పించిన కొద్దిపాటి మొక్కల్లో "నీలి వాండా", "ఎర్ర వాండా" రెండూ ఉన్నాయి. మొదటిది ఖాసీ కొండల్లో పూసే వాండా సెరూలియా, నిజమైన వాండాయే. రెండోది రెనాంథెరా ఇమ్‌షూటియానా, ప్రజాతే వేరు. పక్కన శాస్త్రీయ నామం రాసి ఉండబట్టి రక్షణ ఏ మొక్కకో స్పష్టంగా ఉంది. లేకపోతే ఎర్రగా పూసిన ప్రతి వాండా మీదా తగాదా వచ్చేది.

సాధన

ఒక వాండా మొక్క తెచ్చుకోండి. అడవిలోంచి పీకి తేవద్దు. వాండా సెరూలియాను 19వ శతాబ్దంలో యూరప్ వేలంపాటల కోసం మోపులు మోపులుగా చెట్ల మీంచి ఊడదీసి తీసుకెళితే దారిలోనే చాలావరకు చచ్చిపోయాయి. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆర్కిడ్ గింజలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు, శిలీంధ్రం సాయం లేకుండా అడవిలో మొలవదు. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన పోషకం మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించి చూపించాడు. ఆ దారిలోనే సీసాల్లో పెంచిన మొక్కలు నర్సరీలకు వస్తున్నాయి.

నర్సరీ వాళ్లు కట్టిన చీటీని ఒక కవరులో పెట్టి పక్కన ఉంచండి. కొన్ని వారాలు దాని వంక చూడొద్దు. మొక్కనే చూడండి.

పెరుగుదల ఎటు ఉంది? వాండా ఒకే కాండంతో పైకే పోతుంది, కొస నుంచి కొత్త ఆకు వేస్తుంది. పక్క నుంచి దుంపలు వేసుకుంటూ విస్తరించే ఆర్కిడ్లు వేరే శాఖవి. తర్వాత వేరు చూడండి. ఎండినప్పుడు వెండిలా, తడిసినప్పుడు ఆకుపచ్చగా మారుతుంది. పైన ఉన్న స్పాంజిలాంటి పొర నీరు పీల్చగానే లోపలి పచ్చదనం బయటికి కనబడుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు. పొద్దున్నే వేర్లు తెల్లగా ఉంటే, పచ్చగా మారేదాకా తడపండి. సాయంత్రానికల్లా ఆకుల మొదళ్లలో నీరు ఆరిపోవాలి, లేకపోతే కుళ్లు పడుతుంది. మట్టి వద్దు, చెక్క బుట్టలో వేర్లు గాలికి వేలాడనివ్వండి. కాకినాడ, విశాఖల్లో గాలిలోనే తేమ ఉంటుంది. హైదరాబాద్ వేసవిలో మాత్రం రోజుకు రెండుసార్లు తడిపినా మొక్క బెంగపెట్టుకుంటుంది. పక్కనే నీళ్ల తొట్టి పెట్టండి, నాలుగు మొక్కలను దగ్గరగా ఉంచండి.

ఆకును మాత్రం తీరిగ్గా చూడండి, ఎందుకంటే చీటీ కంటే ఎక్కువ విషయం అదే చెబుతుంది. పట్టీలా వెడల్పుగా ఉంటే వడపోసిన వెలుగు కావాలి, మిట్ట మధ్యాహ్నపు ఎండకు మాడుతుంది. పుల్లలా గుండ్రంగా ఉంటే, పాపిలియోనాంథి రక్తం ఉందన్నమాట, నిండు ఎండలో పెట్టకపోతే పూయదు. చీటీ మీద రెంటికీ "వాండా" అనే రాసి ఉండొచ్చు. చీటీని నమ్మి గుండ్రటి ఆకు మొక్కను నీడలో పెట్టి, పూయడం లేదని విసుక్కునేవాళ్లు చాలామంది. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే సంబరపడకండి, వెలుగు చాలడం లేదని అర్థం. కాస్త పసుపు కలిసిన పచ్చదనమే మంచిది.

పూసినప్పుడు ఆరు రేకులు లెక్కపెట్టండి. అందులో ఒకటి పెదవి, కీటకం వాలే అరుగు. మధ్యలో కేసరం, కీలం కలిసిపోయి ఒకే స్తంభంగా ఉంటుంది. ఆర్కిడ్లను గుర్తుపట్టించే లక్షణం ఇదే. అగ్గిపుల్ల కొసతో స్తంభం చివర మెల్లగా తాకి లాగితే, పసుపు రంగు పుప్పొడి ముద్దలు రెండు, ఒక కాడకు అతుక్కుని బయటికి వస్తాయి. కీటకం వీపు మీద అతుక్కునే తీరు కూడా అదే. ఒక్క పువ్వుతో ఈ పని చేయండి, మిగతావాటిని పూయనివ్వండి.

చూసినవన్నీ రాసుకున్నాక అప్పుడు కవరు తీసి చీటీతో పోల్చండి. "ఆస్కోసెండా" అని ఉంటే భయపడకండి. వాండాకూ ఆస్కోసెంట్రమ్‌కూ పుట్టిన సంకరానికి పాత పేరు అది. రెండూ ఇప్పుడు వాండాయే కాబట్టి దాని పేరూ వాండాయే.

ఇదే నోటుపుస్తకంలో ఎదురు పేజీ మీ కోసం ఉంచుకోండి. వృక్షశాస్త్రంలో ఒక మంచి ఆచారం ఉంది. మొక్క పేరు పక్కన ఆ పేరు పెట్టినవారి పేరు కూడా రాస్తారు. ప్రజాతి మారితే మొదట పెట్టినవారిని కుండలీకరణాల్లో ఉంచి, మార్చినవారిని బయట రాస్తారు: వాండా ఫాల్కేటా (తున్‌బర్గ్) బేర్. మొదటివాడి శ్రమ చెరిగిపోదు, మార్చినవాడి బాధ్యతా దాగదు.

మీరు మోస్తున్న పేర్లను అలాగే రాయండి. "నాకు లెక్కలు రావు." ఎవరు పెట్టారు? ఎనిమిదో తరగతిలో ట్యూషన్ మాస్టారు. ఏం చూసి పెట్టారు? ఒక పరీక్ష కాగితం. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఇంటి ఖర్చు, అప్పు వడ్డీ, చీటీపాట లెక్క మీరే చూసుకున్నారా? అది కూడా రాయండి. "నేను నలుగురిలో మాట్లాడలేను." పెట్టింది మేనత్త, పెళ్లింట్లో, మీకు పదేళ్లప్పుడు. పెట్టినవారి మీద కోపం వద్దు. వాళ్లకు కనిపించింది వాళ్లు చెప్పారు. ఆధారం బలంగా ఉన్న పేరు ఉండనివ్వండి, దాని పక్కన మీ సంతకం చేయండి. ఆధారం ఒక్క పరీక్ష కాగితమే అయితే, పాత పేరును కుండలీకరణాల్లో పెట్టి, ఇప్పుడు కనిపిస్తున్న ఆధారాలతో కొత్త పేరు రాసి, బయట మీ పేరు రాయండి. తేదీ వేయడం మరిచిపోకండి. ఏడాది తర్వాత ఇంకో ఆధారం దొరకొచ్చు.

మొక్కకు కట్టే కొత్త చీటీ మీద ఇవే ఉండాలి: ఇప్పటి పేరు, దాని కింద పాత పేరు, కొన్న తేదీ, మొదట పూసిన నెల, ఎండ ఎంత పడుతోంది. పాత పేరు కొట్టేయకండి. నర్సరీకి వెళ్లి అలాంటిదే ఇంకోటి అడిగినప్పుడు అక్కడివాళ్లకు తెలిసింది ఆ పేరే కావచ్చు. రాసేది పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఒక్క వేసవికే వెలిసిపోతుంది, పెన్సిల్ గీత ఎండకూ వానకూ నిలుస్తుంది.